అమ్మ పెట్టిన గొంతు పరీక్ష

మా అమ్మ టీవీలో ఏం చెప్పినా నమ్ముతుంది. ఇంట్లో మేం ఏం చెప్పినా నమ్మదు. ముప్పై ఏళ్ళుగా బడిలో లెక్కలు చెబుతున్నాను. ఎంతమంది మొద్దబ్బాయిల చేత ఎక్కాలు అప్పజెప్పించానో లెక్కలేదు. అదంతా ఒక ఎత్తు, ఫోన్లో మాట్లాడే ఆ అమ్మాయి మనిషి కాదని మా అమ్మకి ఎక్కించడం ఒక ఎత్తు. ఆ ఎత్తు నేను ఎక్కలేకపోయాను.

నాన్న పోయాక అమ్మని తిరువూరులో మా ఇంటికి తెచ్చుకున్నాను. అల్లుడి ఇంట్లో ఉండటమేంటని నెల రోజులు గునిసింది. రెండో నెలలో వంటిల్లు స్వాధీనం చేసుకుంది. మూడో నెల నుంచి నేను నా వంటింట్లోకి అడిగి వెళ్తున్నాను. మా ఆయనకి బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు ఉంది. పొద్దున్నే ఆయన కొట్టుకీ, నేను బడికీ వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో అమ్మ ఒక్కతే. కాలక్షేపంగా ఉంటుందని నా పాత ఫోను ఆవిడ చేతిలో పెట్టాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

మా ఆయన ఫోను ఎప్పుడూ ఖాళీ ఉండదు. యూరియా వచ్చిందా, పురుగుమందు ఏది కొట్టాలి అంటూ రైతులు చేస్తూనే ఉంటారు. అమ్మ చేసినప్పుడల్లా ఆ రికార్డింగు అమ్మాయి పలికేది, మీరు ప్రయత్నిస్తున్న వ్యక్తి వేరొకరితో మాట్లాడుతున్నారని. అమ్మ ఎంతో మర్యాదగా జవాబు చెప్పేది.

"సరేలే తల్లీ, తొందరేం లేదు. మాట్లాడటం అయ్యాక వాళ్ళత్తగారు చేసిందని చెప్పు. చింతచిగురు పప్పు చేశాను, వేడిగా ఉండగానే రమ్మను. నువ్వు తిన్నావా?"

ఒకరోజు ఇది నా చెవిన పడి నెత్తి కొట్టుకున్నాను. "అమ్మా, అది రికార్డింగు! అక్కడెవరూ ఉండరు."

"రికార్డింగయితే మాత్రం? మాట్లాడింది మనిషే కదా. పొద్దున చేసినా ఆ పిల్లే, మధ్యాహ్నం చేసినా ఆ పిల్లే. ఆదివారం కూడా సెలవియ్యరా పాపం? గొంతు వింటే పెళ్ళీడు పిల్లలా ఉంది."

గ్యాస్ బుక్ చెయ్యడానికి ఫోన్ చేస్తే "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అని వస్తుంది కదా, దానికి "తెలుగేనమ్మా మాది, ఇక్కడే, తిరువూరు" అనేది. ఏదీ నొక్కేది కాదు. సిలిండరూ వచ్చేది కాదు. ఆ అమ్మాయి తన మాట మరిచిపోయిందని మాత్రం ఎప్పుడూ కోప్పడలేదు. చిన్నపిల్ల, ఎంతమందివి గుర్తుపెట్టుకుంటుందిలే అనేది.

అలాంటి మనిషి ఒకే ఒక్క మధ్యాహ్నంలో మారిపోయింది.

ఆ మధ్యాహ్నం అమ్మ టీవీ ముందు కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతోందట. వార్తల్లో ఒకాయన గొంతు చించుకుని చెప్పాడట, ఇప్పుడు కంప్యూటర్లు ఎవరి గొంతునైనా అచ్చు దింపేస్తున్నాయి, మీ కూతురి గొంతుతో ఫోన్ వస్తుంది, ఆపదలో ఉన్నానని ఏడుస్తుంది, నమ్మారో అయిపోయారు అని. ఆ పక్కన కోటు వేసుకున్న ఇంకో పెద్దమనిషి కూర్చుని ఉపాయం చెప్పాడట. అలాంటి ఫోన్ వస్తే, మీ ఇంట్లోవాళ్ళకి తప్ప బయటివాళ్ళెవరికీ తెలియని ప్రశ్న ఒకటి అడగండి, జవాబు తప్పయితే అది మీ వాళ్ళు కాదు, మిషను. ఆ కోటాయన ఎవరో గానీ, మా ఇంట్లో చిచ్చు పెట్టి చక్కా పోయాడు.

ఆ సాయంత్రం బడి నుంచి వచ్చి తలుపు కొట్టాను.

"ఎవరూ?"

"నేనేనమ్మా."

"నేనంటే ఎవరు?"

"అమ్మా, నేను గుమ్మంలో ఉన్నాను, ఫోన్లో కాదు. కాళ్ళు లాగుతున్నాయి, తలుపు తియ్యి!"

"తెలుసులేవే. కాస్త అలవాటవుతుందని."

ఇన్నాళ్ళూ మిషన్ని మనిషనుకున్న మా అమ్మ, ఆ రోజు నుంచి మనుషుల్ని మిషన్లనుకోవడం మొదలుపెట్టింది.

మొదట బలైంది మా ఆయన. మర్నాడు కొట్టుకెళ్ళాక చూసుకుంటే తాళాలూ ఫోనూ ఇంట్లోనే ఉండిపోయాయి. ఎవరిచేతనైనా పంపమని చెప్పడానికి పక్క టీ కొట్టతని ఫోన్ నుంచి ఇంటికి చేశారు. కొత్త నంబరు కనిపించేసరికి అమ్మ సర్దుకుని కూర్చుంది.

"మీరు మా అల్లుడు గారే అయితే ఒకటి చెప్పండి. మొన్న ఆదివారం ఎన్ని గారెలు తిన్నారు?"

మా ఆయనకి షుగరు. గారెలు నాలుగే అని నేను గీత గీశాను. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నప్పుడు వంటింట్లో ఈ అత్తా అల్లుళ్ళిద్దరూ ఏం చేశారో నాకు తెలియదు. నేనింకా బడికి వెళ్ళలేదు, ఫోన్ దగ్గర నేనే ఉండి అడిగిస్తున్నాననుకుని ఆయన చాలా వినయంగా "నాలుగండీ అత్తయ్య గారూ" అన్నారు.

"తప్పు! పదకొండు. నా చేత్తో నేను వేశాను. మిషనువి నువ్వు, ఫోన్ పెట్టెయ్!"

అంత ఎండలో ఆయన నడుచుకుంటూ ఇంటికొచ్చి రెండూ తీసుకెళ్ళారు. సాయంత్రం ముఖం మాడ్చుకుని "మీ అమ్మగారు నన్ను మిషనన్నారు" అని ఫిర్యాదు చేశారు. ఎందుకన్నదో మాత్రం చెప్పలేదు. అది అమ్మ చెప్పింది, గర్వంగా, గారెల లెక్కతో సహా. ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయదగింది కాదు.

ఆయన పని పట్టిన వారానికే నా వంతొచ్చింది. పొద్దున నీళ్ళ మోటారు వేసి, కట్టడం మరిచి బడికి వచ్చేశాను. మూడో పీరియడ్లో గుర్తొచ్చింది. నా ఫోన్లో చార్జింగ్ లేదు. స్టాఫ్ రూములో తోటి టీచరు ఫోన్ అడిగి తీసుకున్నాను. నా ఖర్మ, ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెడితే వినపడదు, స్పీకరు ఒక్కటే పనిచేస్తుంది.

"అమ్మా, నేను. మోటారు కట్టెయ్, ట్యాంకు నిండిపోయి ఉంటుంది."

"కడతాగానీ, ముందు ఇది చెప్పు. ఏడో క్లాసు పెద్ద పరీక్షల్లో నీకు లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయి?"

గదిలో ఎనిమిది మంది ఉన్నారు. హెడ్మాస్టరు గారు టీ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశారు. నేను లెక్కల మేడాన్ని. పిల్లలకి తొంభై తగ్గితే ఒప్పుకోనని పేరున్నదాన్ని. ఏం చెయ్యమంటారు?

"తొంభై రెండు," అన్నాను.

"తప్పు! మా అమ్మాయికి ముప్పై ఆరు. వాళ్ళ నాన్న రెండు రోజులు అన్నం తిన్లేదు. పెట్టేయ్ ఫోను, మిషన్ మొహమా!"

ట్యాంకు పొంగి వీధంతా చెరువైంది. ఎదురింటావిడ వచ్చి తలుపు బాదితే గానీ అమ్మ మోటారు కట్టలేదు. సాయంత్రం బయలుదేరుతుంటే హెడ్మాస్టరు గారు నన్ను ఆపి, "ముప్పై ఆరంటే పాసే కదండీ మేడం, బాధపడకండి" అన్నారు. భూమి బద్దలై అందులోకి పోతే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చి ఎగిరి పడ్డాను. "నీ పరీక్ష తగలెయ్య! నలుగురిలో పరువు తీశావు కదే!"

అమ్మ చెక్కు చెదరలేదు. "నేనేం తీశాను? నువ్వు నిజం చెబితే మోటారు కట్టేదాన్ని. మనిషయితే నిజం చెబుతాడు, మిషనయితే అబద్ధమాడుతుంది. అంతే కదే తేడా."

ఆ మాటకి మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాక్కూడా నవ్వొచ్చింది. ఆ మాట తిరిగి ఎవరికి తగులుతుందో అప్పటికి మాకెవరికీ తెలియదు.

ఇక పిన్ని సంగతి చెప్పాలి. అమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు. ఉండేది గంపలగూడెంలో. ఇక్కడ షేర్ ఆటో ఎక్కితే గంటలోపు వాళ్ళ గుమ్మంలో దిగొచ్చు. నాలుగేళ్ళుగా మేం ఆ ఆటో ఎక్కలేదు.

నాలుగేళ్ళ కిందట పిన్నీ బాబాయీ కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం కార్డు మా బంధువులందరం ఉండే ఫోన్ గ్రూపులోకి వచ్చిపడింది. తెరవగానే సన్నాయి మోగింది, వినాయకుడు గిరగిరా తిరిగాడు, ఇంటి ఫోటో మీద పూలు రాలాయి. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. అమ్మ మాత్రం ఫోన్ బోర్లా పెట్టేసింది. మా వైపు పిలుపంటే కుంకుమ భరిణె పట్టుకుని ఇంటికి రావాలి, నుదుట బొట్టు పెట్టి నోరారా రమ్మనాలి. అందులో తోడబుట్టిన అక్కని అందరికంటే ముందు పిలవాలి. ఊరందరితో కలిపి సన్నాయి మోగించి ఊరుకుంటుందా అని అమ్మ అలిగింది.

పిన్ని మాట వేరు. తను స్వయంగా భరిణె పట్టుకుని వచ్చానంది. తలుపుకి తాళం లేదు, లోపల గడియ ఉంది, కొట్టి కొట్టి చేతులు పడిపోయాయి, అక్క లోపలే ఉండి తియ్యలేదు అని చుట్టాలందరికీ చెప్పుకుని ఏడ్చింది. అమ్మని అడిగాను. "అది మన గుమ్మం తొక్కితే నా మీద ఒట్టు" అంది. కన్నతల్లి ఒట్టేసి చెబుతుంటే పిన్ని మాట నమ్ముతానా? నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. పిన్నికి ఫోన్ చేసి, "పిలవకపోతే పిలవలేదు, అబద్ధాలెందుకాడతావు పిన్నీ?" అనేశాను. ఆవిడ ఠక్కున పెట్టేసింది. గృహప్రవేశానికి మేమెవ్వరం వెళ్ళలేదు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి, అప్పట్లో నాకది సంగతిలా కనిపించలేదు. అప్పటికి నాన్న పోయి ఏడాది. అమ్మ బొట్టు మానేసింది. మానెయ్యమని నేననలేదు, పెట్టుకోమనీ అనలేదు. మా వీధిలో పిలుపులకొచ్చే ఆడవాళ్ళు నాకు బొట్టు పెట్టి, అమ్మ వైపు చూసి "మీరూ రండి పెద్దమ్మగారూ" అని నోటితో చెప్పి వెళ్ళిపోయేవారు. వాళ్ళు గుమ్మంలోకి రాగానే అమ్మ ఏదో పనున్నట్టు లోపలికి తప్పుకునేది. నేను బొట్టు పెట్టించుకుని, పళ్ళూ తాంబూలం అందుకుని నా పని నేను చూసుకునేదాన్ని.

మాటలు లేవు గానీ, అక్కచెల్లెళ్ళిద్దరూ గ్రూపులో మాత్రం ఉన్నారు. రోజూ పొద్దున్నే పిన్ని ఒక గులాబీ పువ్వు పెట్టేది, శుభోదయం అని. అమ్మ లేచీ లేవగానే కళ్ళజోడు వెతుక్కుని ముందు ఆ గులాబీ చూసేది. "బతికే ఉందిలే" అని సణిగి, పోటీగా తనొక మందారం పెట్టేది. నాలుగేళ్ళు ఇదే భాగోతం.

ఒక వారం ఆ గులాబీ ఆగిపోయింది. మొదటి రోజు అమ్మ ఏమీ అనలేదు. రెండో రోజు "నెట్టు అయిపోయుంటుంది" అంది. మూడో రోజు నన్ను పిలిచి, తన ఫోను బాగానే ఉందో లేదో చూడమంది. ఆ రోజు మందారం పెట్టలేదు.

నాలుగో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ వరండాలోనే కూర్చుని ఉంది, నాకోసమే ఎదురుచూస్తున్నట్టు.

"ఇవాళ దొరికిందే మిషను! అచ్చం మీ పిన్ని గొంతే. దించేశారు వెధవలు."

"ఏమంది?"

"అక్కా, ఒంట్లో బాలేదే, గుండెకి ఆపరేషనంట, రేపు విజయవాడలో చేరుతున్నా, ఎల్లుండి కోస్తారంట, ఒకసారి నిన్ను చూడాలనుంది, వస్తావా అని. ఎంత మెత్తగా మాట్లాడిందనుకున్నావ్! మీ పిన్ని పుట్టి బుద్ధెరిగి నాతో అంత మెత్తగా మాట్లాడిందా? అక్కడే దొరికిపోయింది. సరేలే అని ప్రశ్న అడిగా."

"ఏం ప్రశ్న?"

"నువ్వు మా చెల్లివే అయితే, గృహప్రవేశానికి పిలవడానికి మా ఇంటికి వచ్చావా లేదా చెప్పు అన్నా. వచ్చానే అక్కా, తలుపు కొట్టాను, ఎండలో నిలబడ్డాను అంది. తప్పు! అని పెట్టేశా."

దొంగని పట్టుకున్నంత హుషారుగా చెప్పింది గానీ, చేతిలో టీ మీగడ కట్టి ఉంది. ఒక్క గుక్క కూడా తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, "ఏమే, మిషన్లకి గుండె ఆపరేషన్ల సంగతి కూడా తెలుస్తుందా?" అని అడిగింది.

 ఫోన్ లాక్కుని ఆ నంబరుకి చేశాను. నాలుగు రింగులకి పిన్ని ఎత్తింది. కోడలి ఫోనట.

"పిన్నీ, నేను…"

"ఎవరూ? మా అక్క కూతురా? కాదులే. అది నాతో మాట్లాడి నాలుగేళ్ళయింది. నువ్వు మిషనువే అయ్యుంటావు."

 తిట్టినా బాగుండేది. "నేనే పిన్నీ, తప్పయింది" అన్నాను. ఇక అంతే, మెత్తదనమంతా ఎగిరిపోయి ఆవిడ అసలు గొంతు పైకొచ్చింది. నేను స్పీకరు నొక్కాను, అమ్మ వినాలని.

"చావబోయే ముందు ఫోన్ చేస్తే నన్ను మిషనంటుందా ఆ రాకాసి! దాని నోట్లో మన్నుబొయ్య! చిన్నప్పుడు నా జడకుచ్చులు ఎత్తుకెళ్ళి గేదె కొమ్ములకి కట్టిందే! అయ్య కొట్టడానికొస్తే నన్ను చూపించిందే! అప్పట్నుంచి ఇప్పటిదాకా అది ఒక్క తప్పు ఒప్పుకుందా?"

అమ్మ గోడకి ఆనుకుని వింటోంది. పెదవులు కదిలాయి. "గేదె కాదు, దూడ," అంది మెల్లిగా. తర్వాత నా వైపు చూసి, "మీ పిన్నేనే. మొదటి బస్సుకి వెళ్దాం" అంది.

మర్నాడు పొద్దున్నే విజయవాడ బస్సెక్కాం. అమ్మ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. ఎప్పుడూ డ్రైవరుకి, కండక్టరుకి, ముందు సీటువాళ్ళకి సలహాలు చెబుతూ వచ్చే మనిషి నోరు మెదపలేదు. ఎ.కొండూరు దాటాక ఒక్కసారి అడిగింది.

"మన ముందుగది కిటికీ సందులోంచి లోపలి మనిషి బయటికి కనపడతారా?"

"ఏ కిటికీ? ఎందుకూ?"

"ఏం లేదులే. ఊరికే."

ఆసుపత్రిలో ఆరు మంచాల గది. చివరి మంచం మీద పిన్ని. సగానికి సగమైపోయింది. చేతికి సూది గుచ్చి ప్లాస్టరు వేశారు. పక్కన స్టూలు మీద బాబాయి బత్తాయి వలుస్తూ, మమ్మల్ని చూసి తొనలు ఒళ్ళో పడేసుకున్నారు. పిన్ని మాత్రం గోడ వైపు తిరిగింది.

"ఎవరొచ్చారు?"

"నేనే," అంది అమ్మ.

"నేనంటే? మిషన్లు ఇప్పుడు కాళ్ళు పెట్టుకుని తిరుగుతున్నాయంట, టీవీలో చెప్పారు. మా అక్కవని నమ్మకమేంటి?"

"ఇదేం మాటే, ఎదురుగుండా నిలబడితే…"

"అదేం కుదరదు. నువ్వు అడిగావుగా, నేనూ అడుగుతా." పిన్ని మా వైపు తిరిగింది. "ఆ రోజు నేను తలుపు కొడుతుంటే లోపల ఎవరున్నారు?"

 అమ్మ మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది. ఒట్టేస్తుందనుకున్నాను. గయ్యిమంటుందనుకున్నాను. మా అమ్మ తప్పు ఒప్పుకోవడం నా యాభై ఏళ్ళలో నేను చూడలేదు.

"నేనే ఉన్నా," అంది.

"ఏం చేస్తున్నావు?"

"కిటికీ సందులోంచి నిన్ను చూస్తున్నా. ఆకుపచ్చ చీర కట్టుకున్నావు. చేతిలో అమ్మ భరిణె ఉంది, వెండిది. ఎండ గుమ్మం మీద నుంచి మెట్లు దిగిపోయేదాకా నిలబడ్డావు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయావు."

అప్పటికి నాకు లెక్క తేలింది. పిన్ని వచ్చి తలుపు కొట్టిన సంగతి లోకంలో ఇద్దరికే నిజంగా తెలుసు, కొట్టిన మనిషికీ, తియ్యని మనిషికీ. ఫోన్లో ఆ జవాబు వినగానే అది మిషను కాదని అమ్మకి తెలిసిపోయింది. తెలిసే "తప్పు" అంది. భయపడి పెట్టేసింది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన నాకు ఇంత చిన్న లెక్క రాలేదు. ముప్పై ఆరు కూడా ఎక్కువే నాకు.

"తియ్యలేదెందుకే?" అని అడిగింది పిన్ని. "కార్డు పంపింది నేను కాదే, మా కోడలు. నాకు ఆ గ్రూపులో గులాబీ పెట్టడం తప్ప ఇంకేం వచ్చు?"

"కార్డుకి కాదే." అమ్మ కమ్మీని గోటితో గీకుతోంది. "ఆయన పోయాక ఎవరొచ్చినా అమ్మాయికి బొట్టు పెట్టి నాకు నోటితో చెప్పిపోయేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు చేస్తే పడ్డాను. నువ్వూ అట్టాగే చేస్తే చూళ్ళేననిపించింది. ఆ భరిణె అమ్మాయి కోసం తెచ్చావనుకున్నా. అందుకని తియ్యలేదు."

పిన్ని లేవబోయింది. బాబాయి పట్టుకున్నారు.

"ఓసి పిచ్చిదానా! నేనొచ్చింది బుధవారం మధ్యాహ్నమే! నీ కూతురు బడిలో ఉంటుందని నాకు తెలీదా? ఆ వేళప్పుడు ఇంట్లో నువ్వు గాక ఇంకెవరుంటారే? ఎవరికి పెడదామని మోసుకొచ్చానే భరిణె!"

నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఏడ్చాను. పిన్ని కోసం కొంత. నా నుదుట పెట్టించుకున్న ఆ బొట్లన్నిటికీ కొంత. అమ్మ ఏడవలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

ఇంతలో నర్సు వచ్చింది. "అమ్మా, పొద్దున్నించీ చెబుతున్నాను. గాజులు తీశారు, బొట్టు తియ్యలేదు. రేపు థియేటర్లోకి ఏదీ ఉండకూడదు."

"తీస్తానమ్మా, ఇప్పుడే తీస్తాను," అంది పిన్ని. ప్లాస్టరు వేసిన చెయ్యెత్తి, నుదుటి మీది ఎర్రటి స్టిక్కరు గోటితో ఊడబీకింది. ఇంకో చేత్తో అమ్మ మెడ పట్టి కిందకి వంచింది. ఆ స్టిక్కరుని అమ్మ నుదుట అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"అక్కా, మా ఇంటి గృహప్రవేశం. తప్పకుండా రావాలి."

"ఎప్పుడే?" అంది అమ్మ.

"నాలుగేళ్ళ కింద."

గదిలో అందరూ నవ్వారు, బాబాయి తప్ప. ఆయన కండువాలో ముఖం దాచుకున్నారు.

ఆపరేషను బాగానే జరిగింది. పిన్నిని ఇంటికి పంపాక అమ్మ గంపలగూడెంలో పదిహేను రోజులుండి వచ్చింది. వంటింట్లో సింకు తప్పు వైపు పెట్టారని, మెట్లు మరీ ఎత్తని, ఆ ఇంట్లో బుద్ధున్నవాడెవడూ చెయ్యి పెట్టలేదని తీర్పు చెప్పింది. వాళ్ళిద్దరూ మళ్ళీ రెండుసార్లు పోట్లాడుకున్నారు కూడా, ఒకసారి పథ్యం చారు గురించి, ఒకసారి ఆ దూడ గురించి.

మొన్న ఎదురింటావిడ వాళ్ళమ్మాయి పెళ్ళి పిలుపులకొచ్చి నాకు బొట్టు పెట్టింది. అమ్మ మామూలుగానే లోపలికి తప్పుకోబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని అమ్మ వైపు తిప్పాను. ఆవిడ కంగారు పడింది. నాకు కోపమొస్తే ఎలా ఉంటుందో వీధంతటికీ తెలుసు కాబట్టి, మారు మాట్లాడకుండా పెట్టింది.

గొంతు పరీక్ష మాత్రం మా ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది. మా ఆయన గారెల లెక్క నిజమే చెబుతున్నారు, నేను నా ముప్పై ఆరూ ఒప్పుకుంటున్నాను. గులాబీలూ మందారాలూ ఆగిపోయాయి. వాటికి బదులు రోజూ పొద్దున్నే పిన్ని ఫోన్ చేస్తుంది. హలో అనదు, బాగున్నావా అనదు. అమ్మ ఎత్తగానే అడుగుతుంది.

"లోపల ఎవరున్నారు?"

"నేనే ఉన్నాను," అంటుంది అమ్మ. "తలుపు తీసే ఉంది, చెప్పు."